పండిన పురుగులకు ఆకు

తొమ్మిదో రోజు కూడా బయ్యప్ప స్వామి గంజి గిన్నెను పక్కకు తోసేశాడు.

తోయడమంటే విసురుగా కాదు. ఒళ్ళోకెక్కిన పిల్లిని పక్కకు జరిపినట్టు, వేళ్ళ కొసలతో, నెమ్మదిగా. అక్కులమ్మకు ఆ నెమ్మదే భయమేసింది. కోపంగా తోసి ఉంటే, మళ్ళీ ఆకలి పుడుతుందిలే అని ఆశైనా మిగిలేది.

"రోంత తాగు సామీ. నాలుగు గుక్కలు. నా మొగం చూసైనా."

"వద్దు మే. కడుపు నిండింది."

"ముద్ద ముట్టి తొమ్మిది దినాలాయె! ఏం తిని నిండింది నీ కడుపు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అక్కులమ్మ గిన్నె పట్టుకుని అక్కడే కొయ్యబారి నిలబడింది. నిన్న కూడా ఇట్లాగే నిలబడింది, మొన్న కూడా.

బయ్యప్ప స్వామికి ఎనభై ఎనిమిదేళ్ళు. మడకశిర దారిలో, ఊరికి అరమైలు ఇవతల ఆయన మఠం. మఠమంటే గోపురాలూ గంటలూ ఊహించుకునేరు, అవేమీ లేవు. రెండు గదులు, ఎకరం మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచే ఒక పొడవాటి కొట్టం. ఆయన కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. పురుగులు పెంచుకుంటూ బతికాడు, పున్నమికి వచ్చినవాళ్ళతో కూర్చుని తత్వాలు పాడాడు. ఎవరేం అడిగినా జవాబు చెప్పే అలవాటు మాత్రం లేదు, ఏదో ఒక పని చేతికిచ్చేవాడు. ఒకసారి పట్నం నుంచి ఒక పండితుడు కారేసుకుని వచ్చి, "ఆత్మ ఎక్కడుంటుంది స్వామీ?" అని అడిగాడట. "ముందు ఆ తట్టల కింద చీమలు చేరినాయేమో చూడు నాయనా, పురుగుల్ని తినేస్తాయి," అన్నాడట ఈయన. పండితుడు పట్టుపంచె ఎగ్గట్టి పొద్దుగూకేదాకా చీమలు ఏరాడు. పోయేటప్పుడు ఆత్మ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అక్కులమ్మ ఆ మఠంలో శిష్యురాలు, వంటమనిషి, పురుగులకు దాది, అన్నీ ఆమే. నలభై ఆరేళ్ళుంటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెకొక పేరుంది, అక్కులమ్మ తట్టలో పురుగు ఆకలన్నది ఎరగదని. ఆ పేరంటే ఆమెకు కొంచెం గర్వం. కొంచెమేమిటి లెండి, బాగానే గర్వం. మఠానికి ఎవరొచ్చినా విస్తరి నిండా వడ్డిస్తుంది. చాలు తల్లీ అని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే ఇంకో గరిటె పోస్తుంది. అట్లాంటి మనిషి చేతిలో తొమ్మిది రోజులుగా గంజి చల్లారిపోతోందంటే, ఆమె ప్రాణం ఎట్లా కొట్టుకుంటూ ఉంటుందో మీరే అనుకోండి.

ముందురోజే పట్నం డాక్టరు వచ్చి చూసిపోయాడు. చిన్న వయసువాడే అయినా నిదానస్తుడు. నాడి చూశాడు, కడుపు నొక్కాడు, నొప్పేమైనా ఉందా తాతా అని అడిగాడు. లేదన్నాడు స్వామి. డాక్టరు అక్కులమ్మను బయటికి పిలిచి చెప్పాడు.

"రోగమేమీ లేదమ్మా, వయసు. ఆ ఒంటికి ఇంక తిండి అక్కర్లేదు. బలవంతం చెయ్యొద్దు. పెదాలు ఆరిపోకుండా తడుపుతూ ఉండండి, పక్కన కూర్చోండి. మరీ కావాలంటే ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తాం. దానివల్ల పెద్దాయనకు సుఖముంటుందని మాత్రం నేను చెప్పలేను."

ఇన్ని మాటల్లో అక్కులమ్మ చెవికెక్కింది ఒక్కటే. గొట్టం వేసి పాలు పోస్తారు.

"ఎల్లుండి పొద్దున పదికంతా అంబులెన్సు పంపించండి సారూ," అంది.

ఆ సంగతి చెబితే స్వామి తల అడ్డంగా ఊపాడు. "యాడికీ రాను మే. ఈడ్నే ఉంటా."

"నువ్వు నోరు మూసుకో సామీ!"

అనేశాక తన చెవులను తానే నమ్మలేకపోయింది. గురువును నోరు మూసుకోమన్న శిష్యురాలు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారా అని ఆ రాత్రంతా కుమిలింది. కుమిలింది గానీ అంబులెన్సును వద్దని మాత్రం అనలేదు.

ఇక ఆ తొమ్మిదో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పాలి. చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

తోటలో ఆకు కోసుకొచ్చే మాబుసాబు, ఆయనా స్వామి శిష్యుడే, అరవై ఏళ్ళవాడు, నీళ్ళ కోసం గదిలోకి తొంగి చూశాడు. చూసి గడపలోనే ఆగిపోయాడు. అక్కులమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. స్వామి తల ఆమె ఒళ్ళో ఉంది. ఎడమచేత్తో ఆయన ముక్కు పట్టుకుంది. కుడిచేతిలో ఇత్తడి ఉగ్గుగిన్నె. ముక్కు మూస్తే ఊపిరికోసం నోరు తెరుస్తాడు కదా, తెరిచినప్పుడల్లా గంజి పోస్తోంది. నెలల బిడ్డకు ఆముదం పోసినట్టు!

"మింగు సామీ, మింగు. నా బంగారు కదూ..."

గంజి గొంతుకు అడ్డం పడింది. ఆయన ఒళ్ళంతా కదిలిపోయేటట్టు దగ్గాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, గంజి ముక్కులోంచి వచ్చింది.

"అల్లా! ఏం పని అక్కులమ్మా ఇది?" అని మాబుసాబు పరుగెత్తుకొచ్చి ఆయన్ను లేపి కూర్చోబెట్టి వీపు రాశాడు.

"ఆకలితో పోనిమ్మంటావా?" అని అక్కులమ్మ ఎదురు తిరిగింది. "అన్నం పెట్టేది గూడా తప్పేనా? చెప్పు మాబన్నా, తప్పేనా?"

మాబుసాబు పైపంచెతో స్వామి మూతి తుడిచాడు.

దగ్గు తగ్గాక స్వామి చెయ్యి చాపాడు. అక్కులమ్మ చేతిలోని ఉగ్గుగిన్నెను తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసుకుని, దుప్పటి కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. అక్కులమ్మ చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

ఆ ఉగ్గుగిన్నె సంగతి మీకు చెప్పలేదు గదూ. అది అక్కులమ్మదే. ఆమె తల్లి ఈ తోటలోనే ఆకు కోసే కూలి. కాన్పులోనే కన్నుమూసింది, బిడ్డకు ఇంకెవరూ లేరు. అప్పటికి నలభై దాటిన బ్రహ్మచారి బయ్యప్ప స్వామి, బిడ్డను ఎత్తుకొచ్చి, మేకపాలు కాచి, ఈ గిన్నెతోనే పోశాడు. గంటకోసారి పోశాడు. బిడ్డకు పాలు పోస్తూ తత్వాలు మరిచిపోయాడని పాతవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

పదేళ్ళ వయసులో అక్కులమ్మ ఒక ఘనకార్యం చేసింది. పట్టుపురుగు పుట్టింది మొదలు గూడు కట్టేలోగా నాలుగుసార్లు తిండి మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా ఒక రోజంతా పడుకుని, పాత తోలు విడిచి లేస్తుంది. దాన్ని ఆ వైపు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుకు ఆకు వెయ్యకూడదు. చిన్న పురుగుకైతే లేతాకు సన్నగా తరిగి వెయ్యాలి, పెద్దదానికైతే ముదురాకు కొమ్మలతోనే వెయ్యాలి, జ్వరంలో ఉన్నదానికి అసలు వెయ్యకూడదు. ఇది పిల్లకు అప్పటికింకా తెలియదు. అయ్యో, పాపం పస్తున్నాయే అని ఎవరూ చూడకుండా తట్టల నిండా ఆకు పరిచేసి వచ్చింది. తెల్లారి చూస్తే సగం పురుగులు తోలు విడవలేక ఆ తడి ఆకు కిందే మగ్గిపోయాయి.

స్వామి తిట్టలేదు, కొట్టలేదు. మిగిలిన తట్టల్లో ఒకదాని ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. పురుగులు ఒక్కొక్కటే తోలు విడిచి తలలు ఆడించినప్పుడు, "ఇంగ వెయ్," అని గంప అందించాడు. ఆ రోజు తర్వాత అక్కులమ్మ చేతిలో ఒక్క పురుగు కూడా అట్లా చావలేదు.

పదో రోజు తెల్లవారుతూనే అక్కులమ్మ ఉలిక్కిపడి లేచింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చప్పుడు లేదు.

వారం రోజులుగా కొట్టంలో పురుగులు ఆకు నమిలే చప్పుడు తెంపు లేకుండా వినిపిస్తోంది, రేకుల మీద సన్నటి వాన పడినట్టు. నాలుగు జ్వరాలూ లేచిన పెద్ద పురుగులు, పగలూ రాత్రీ అదే పని. ఇప్పుడు అది ఆగిపోయింది. ఎందుకో అక్కులమ్మ కొట్టంలోకి కాక ముందు స్వామి దగ్గరికి పరుగెత్తింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఉంది. అప్పుడు పోయింది కొట్టంలోకి.

పురుగులు పండాయి. ఒకరోజు ముందే పండాయి. తెల్లటి ఒళ్ళు తేనెరంగుకు తిరిగి, లోపలి వెలుగు బయటికి కనబడుతున్నట్టున్నాయి. వేసిన ఆకు వేసినట్టే ఉంది. తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ దేనికోసమో వెతుకుతున్నాయి. ఇంక వాటిని ఏరి, గూడు కట్టుకోవడానికి వెదురుబద్దలతో చుట్టలు చుట్టిన చాపల మీద, చంద్రికలంటారు వాటిని, వాటి మీద వదలాలి. ఆలస్యమైతే ఉన్నచోటే, చెత్తలోనే, నోట్లోని పట్టంతా కక్కేసి పాడైపోతాయి.

ఇక్కడ పురుగులు పండాయి, అక్కడ పదింటికి అంబులెన్సు వస్తుంది. ఏ పని ముందు చెయ్యాలో తోచక అక్కులమ్మ చంద్రికలు లాగుతూ, మాబుసాబును కేకేస్తూ, చెమటలు కక్కుతోంది. అప్పుడు గదిలోంచి స్వామి గొంతు వినిపించింది. పది రోజుల్లో ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

"మాబూ, నన్ను కొట్టంలోకి ఎత్తుకోని పో. పురుగుల్ని చూడాల."

అక్కులమ్మకు ప్రాణం లేచొచ్చింది. అడిగాడు! ఆశ పుట్టిందంటే ఆకలీ పుడుతుంది! ఇద్దరూ కలిసి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, కొట్టంలోకి మోసుకొచ్చి తట్టల పక్కన దించారు. బరువే లేడు. చంద్రిక మోసినట్టే ఉంది.

"ఆ ఆకు గంప నా ఒళ్ళో పెట్టు," అన్నాడు స్వామి.

ముచ్చట పడ్డాడేమో, చేత్తో ఆకును తాకాలనుకున్నాడేమో అని మాబుసాబు నిన్నటి మిగులు ఆకు గంప తెచ్చి పెట్టాడు. స్వామి పిడికెడు ఆకు తీశాడు. పండిన పురుగుల మీద పరిచాడు.

అక్కులమ్మ చంద్రిక వదిలేసింది. "సామీ, అవి పండినాయి!"

ఆయన ఇంకో పిడికెడు వేశాడు.

"సామీ! ఆకు వద్దు! పండినాయని చెప్తాండా!"

"పాపం, పస్తుండాయే," అన్నాడాయన. "మాబూ, నువ్వూ వెయ్. తట్ట నిండా వెయ్. తలలు పైకెత్తినాయి చూడు, నోట్లో పెట్టు."

గురువు మాట. మాబుసాబు గంపలో చెయ్యి పెట్టాడు. దోసెడు ఆకు తట్ట మీద పడింది. దాని కింద తేనెరంగు తలలు కనబడకుండా పోయాయి. ఆకుల సందుల్లోంచి ఒక పురుగు పైకి రాబోయింది. స్వామి దాని మీద ఇంకో ఆకు పెట్టి వేలితో అదిమాడు.

ఏమైందో అక్కులమ్మకే తెలియదు. ఒక్క ఉరుకున వచ్చి ఆ చేతి మీద కొట్టింది.

ఫట్‌మని చప్పుడైంది. గంప దొర్లిపోయి ఆకులు నేలపాలయ్యాయి. తనకు ఉగ్గు పోసి పెంచిన చేతిని అక్కులమ్మ కొట్టింది! అయినా ఆ క్షణాన ఆమెకు ఆ స్పృహ లేదు. గబగబా రెండు చేతులతో తట్ట మీది ఆకు ఎత్తి పారేస్తోంది, ఏడుస్తోంది, అరుస్తోంది.

"చంపేస్తావా వాటిని? వద్దన్నదాని నోట్లో ఆకు కుక్కితే బతుకుతాదా? ఎన్ని పంటలు తీసినావు, నీకు తెలీదా సామీ? వాటి తిండి అయిపాయె! తినాల్సిందంతా తినేసినాయి! ఇప్పుడు వాటికి కావాల్సింది ఆకు గాదు. రోంత జాగా! ఎవురూ కదిలించకుండా, వాటి పని అవి చేసుకునేదానికి రోంత..."

మాట అక్కడే ఆగిపోయింది.

చేతుల్లో తడి ఆకు అట్లాగే ఉంది. అక్కులమ్మ తల ఎత్తలేదు. నాలుగు వేల పురుగులు తలలు ఊపుతున్నాయి, ఒక్కదానికీ చప్పుడు లేదు.

స్వామి దుప్పటి కింద చెయ్యి పెట్టి ఉగ్గుగిన్నె బయటికి తీశాడు. నిన్నటి గంజి దాంట్లో ఎండి అట్టకట్టింది. అక్కులమ్మ చేతిలోని ఆకు తీసి కింద వేసి, ఆ గిన్నెను ఆ చేతిలో పెట్టాడు. కొట్టినచోట ఆయన చర్మం కందిపోయి ఉంది. ఆ ఎర్రటి మచ్చను చూసేసరికి అక్కులమ్మ ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

"సామీ..." అంది.

బయట అంబులెన్సు హారన్ మోగింది.

మాబుసాబు అక్కులమ్మ వైపు చూశాడు. హారన్ మళ్ళీ మోగింది. అక్కులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి, తానే బయటికి పోయింది. డ్రైవరుకు రెండు చేతులూ జోడించింది.

"తప్పు నాదే నాయనా, ఊరికే తిప్పినా. ఎవురూ రారు. మజ్జిగ తాగి పో."

డ్రైవరు మజ్జిగ తాగాడు. ఇంకో లోటా పొయ్యబోయి, అతను చాలని చెయ్యి అడ్డం పెట్టేసరికి, అక్కులమ్మ చెంబు వెనక్కి తీసుకుంది. మాబుసాబు అది చూశాడు. ఇన్నేళ్ళలో ఆ చెంబు వెనక్కి పోవడం ఆయన చూడలేదు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పురుగులు ఏరి చంద్రికల మీద వదిలారు. ఏరడం అయ్యాక అక్కులమ్మ కొట్టంలోనే ఎండపొడ తగలని మూల చూసి, తానే చిమ్మి, మంచం వేసింది. స్వామిని దాని మీద పడుకోబెట్టింది. తలకింద ఎత్తు సరిచేసింది. మెత్తటి గుడ్డ నీళ్ళలో ముంచి, పిండి, పెదాలు తడిపింది. ఒక్కసారే తడిపింది. ఆయన నాలుకతో ఆ తడి చప్పరించి, చాలన్నట్టు చూశాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టేసింది. పక్కన పెట్టడం ఎంత కష్టమైందో ఆ చేతికే తెలియాలి.

ఉగ్గుగిన్నెను చింతపండుతో తళతళలాడేటట్టు తోమి, ఇంటికి పోతూ మిగిలిన ఆకు మోపు కట్టుకుంటున్న మాబుసాబు చేతికిచ్చింది. ఆయన ఇంట్లో నెల తిరగని మనవరాలుంది.

"తీసుకోని పో అన్నా. బిడ్డ ఏడ్చినప్పుడంతా పొయ్యమను. అర్ధరాత్రయినా లేచి పొయ్యమను." కొంచెం ఆగి, "మూతి తిప్పేసుకుంటే మాత్రం ఆపమను," అంది.

మాబుసాబు పోయాక ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. అట్లా ఖాళీ చేతులతో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. చివరికి స్వామి చెయ్యి మీద, తాను కొట్టినచోట, మెల్లగా ఆనించింది. ఆయన వెనక్కి లాక్కోలేదు.

వారం రోజులు వాన కురిసినట్టున్న కొట్టంలో ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినబడేటట్టుంది. అక్కులమ్మకు కన్నీళ్ళు ఆగలేదు.

"చప్పుడే లేదు సామీ," అంది. "అంతా ఆగిపాయె. నాకు భయమైతాంది."

బయ్యప్ప స్వామి కళ్ళు తెరిచి చంద్రికల వైపు చూశాడు. దగ్గరి చంద్రికలో ఒక పురుగు తల తిప్పుతోంది. దాని నోటి నుంచి సన్నటి పోగు ఒకటి వెదురుబద్దకు అప్పుడే అంటుకుంది.

"ఆగలేదు మే," అన్నాడు. "పని ఇప్పుడే మొదలైంది."